సినిమా పత్రిక ముఖచిత్రం దారిన పోయేవాణ్ణి ఎలా ఆపుతుంది?

ప్రశ్న: హనుమకొండ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో జర్నలిజం చదువుతున్నాను. సినిమా పత్రికల ముఖచిత్రాల మీద ఒక వ్యాసం రాసి, దానితో పాటు నమూనా ముఖచిత్రం ఒకటి నేనే తయారుచేసి అచ్చు వేయించి ఇవ్వాలి. పాత విజయచిత్ర, సితార సంచికలను ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నింటి మీదా తారల ముఖాలే ఉన్నాయి గానీ, కొనేవారి చేయి ఒక సంచిక వైపు ఎందుకు వెళ్తుందో, పక్కదాని వైపు ఎందుకు వెళ్లదో అర్థం కావడం లేదు. మంచి ఫొటో ఉంటే చాలదా? పత్రికలు అమ్మినవారు, ముఖచిత్రాలు రూపొందించినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కాజీపేట పాత దుకాణదారు

చెల్లెమ్మా, కాజీపేట జంక్షన్ దగ్గర మాకు చాలా కాలం పత్రికల దుకాణం ఉండేది. ముఖచిత్రాన్ని బల్ల మీద ఒంటరిగా పెట్టుకుని చూస్తే దాని పని మీకు తెలియదు, దుకాణంలో అది ఎంత మేరకు కనిపిస్తుందో ముందు చూడాలి. తాడుకు క్లిప్పు పెట్టి వేలాడదీసిన పత్రిక నిండుగా కనిపిస్తుంది, కానీ ఆ చోటు కొన్నింటికే దక్కుతుంది. మిగిలినవాటిని ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి పరుస్తాం కనుక, వాటిలో పై భాగమో ఎడమ అంచో మాత్రమే బయటికి ఉంటుంది. పత్రిక పేరు పైనే ఉండటానికీ, ముఖ్యమైన శీర్షికలు చాలాసార్లు ఎడమ వైపు కనిపించడానికీ ఇది పెద్ద కారణం. కుడి వైపు అడుగున ఎంత గొప్ప సంగతి అచ్చు వేసినా మా బల్ల మీద అది పక్క పత్రిక కింద ఉండిపోయేది.

మరొక విషయం. రైలు ఆగిన కొద్ది నిమిషాల్లో కొనేవారు వేరు, ఇంటికి తీసుకుపోవడానికి కొనేవారు వేరు. ఇంట్లో అమ్మా, అక్కా చదివే పత్రిక మీద మరీ తెగించిన బొమ్మ వేస్తే, నచ్చినవాడు కూడా నలుగురిలో చేతపట్టుకుని నడవడానికి వెనకాడతాడు. అభిమానుల సంగతి ఇంకోలా ఉంటుంది. వాళ్లు పత్రికను అందుకోగానే నేరుగా మధ్య పేజీల్లోని బ్లోఅప్, అంటే పేజీల నిండా వేసిన తార పెద్ద బొమ్మ, తెరిచి చూసేవారు, ఎందుకంటే అది హాస్టల్ గది గోడకో సెలూన్ అద్దం పక్కకో చేరాల్సిన బొమ్మ. లోపల ఎవరి బ్లోఅప్ ఉందో ముఖచిత్రం మీదే చెప్పిన సంచికలు మా దగ్గర త్వరగా అయిపోయేవి. పైన ఒక హీరోయిన్ ముఖం వేసి లోపల ఆమె గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టిన వారం మాత్రం, ఆ తర్వాతి సంచికను కూడా జనం అనుమానంగా తిప్పి చూసి పెట్టేసేవారు.

జవాబు: పేజీల రూపకర్త

అన్న చెప్పినదానికి నా వైపు నుంచి కొంత చేర్చుతాను. ఫొటో ఎంపికలో నేను మొదట చూసేది కళ్లనే. తార చూపు నేరుగా కెమెరాలోకి ఉంటే, తాడు మీది పత్రిక నడిచి వెళ్లే మనిషినే చూస్తున్నట్టు అనిపిస్తుంది. సినిమా స్టిల్‌లో నటుడు సాధారణంగా ఎదుటి పాత్రను చూస్తాడు కనుక, సన్నివేశంలో ఎంత బాగున్నా ముఖచిత్రానికి అది తరచుగా పనికిరాదు. పైగా ఒకే స్టిల్‌ను నిర్మాణ సంస్థ అన్ని పత్రికలకూ పంపుతుంది. విడిగా ఫొటో షూట్ చేయించుకోవడం అందుకే.

తల పత్రిక పేరును కొంచెం కప్పేలా పెట్టే పద్ధతిని ఇంగ్లిష్ పత్రికల్లో చూసి మనమూ వాడుతున్నాం. తెలుగులో దీనికి చాలా జాగ్రత్త కావాలని నా గట్టి అభిప్రాయం. మన అక్షరాల్లో గుడి, ఏత్వం, తలకట్టు అన్నీ పైనే ఉంటాయి. సితార అనే పేరులో మొదటి అక్షరం గుడి జుట్టు వెనక దాగితే పేరే మారిపోతుంది. వత్తులు కిందికి దిగుతాయి కనుక శీర్షికల వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ వదలాలి. ఆ ఖాళీ దొరకాలంటే శీర్షికలు తగ్గించుకోవడమే దారి. పేజీ నిండా పది శీర్షికలు చల్లి, ప్రతిదానికీ ఒక రంగు, చుట్టూ నల్లగీత పెట్టే అలవాటు వల్ల ఏదీ చదవబుద్ధి కాదు.

శీర్షిక ఏం చేయగలదో తెలుసుకోవాలంటే హిందీ సినిమాల మీద ఇంగ్లిష్‌లో వచ్చిన రెండు పత్రికలను పక్కపక్కన పెట్టి ఆలోచించండి. 1952లో మొదలైన ఫిల్మ్‌ఫేర్ తొలి ముఖచిత్రం కామినీ కౌశల్‌ది, అక్కడ ఆకర్షణ తార రూపమే. 1971 అక్టోబరులో వచ్చిన స్టార్‌డస్ట్ తొలి సంచిక రాజేశ్ ఖన్నాను ఎంచుకుని, ఆయన రహస్యంగా పెళ్లి చేసుకున్నారా అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే డబ్బిచ్చి లోపలి పేజీ తెరవాలి. ఈ పద్ధతి అమ్మకానికి ఎంత బలమైనదో, అవతలి మనిషి జీవితానికి అంత భారమైనది. లోపల నిలబడే ఆధారం లేనప్పుడు ప్రశ్నార్థకం వెనక దాక్కోవడం తప్పని నేను నమ్ముతాను. మీ వ్యాసంలో ఈ భాగాన్ని వదలకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. గుడి దాగిపోయే సంగతి నాకు తట్టనే లేదు. నా నమూనా కోసం స్నేహితురాలి ఫొటోను, ఆమె అనుమతితో, ఫోనులో తీశాను. వాట్సాప్‌లో పంపిన ఆ బొమ్మ అచ్చుకు సరిపోతుందా? తెర మీద చూస్తే చాలా బాగుంది.

జవాబు: వరంగల్ ప్రెస్సు పనివాడు

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినది పంపకండి, అందులో వివరం తగ్గిపోతుంది. ఫోనులోని అసలు ఫైలునే తీసుకురండి. ఏ4 పరిమాణానికి అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెల్స్ కావాలి. బొమ్మను చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా పెంచి ఉంచకపోతే కత్తిరింపులో అంచున తెల్లగీత పడుతుంది. తెర మీద మెరిసే ఆకుపచ్చ, ఊదా రంగులు నాలుగు రంగుల అచ్చులో అలాగే రావు, కొంత మందగిస్తాయి, వాటినే నమ్ముకుని శీర్షిక పెట్టకండి. చిన్న అక్షరాలను రెండు మూడు రంగుల కలయికతో వేయిస్తే, ఒక్కో రంగుకు వేరుగా ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా వత్తులు అలుక్కుపోతాయి. అందుకని వాటిని ఒక్క నలుపులోనే ఉంచండి. ప్రూఫ్ (సరిచూసుకునే తొలి ప్రతి) తీశాక ట్యూబ్‌లైటు కింద సరేననకుండా, బయట పగటి వెలుతురులోకి తెచ్చి, దుకాణం ముందు నిలబడే మనిషికి ఉండేంత దూరం నుంచి పేరు, కళ్లు, మొదటి శీర్షిక తెలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా ప్రతులకు ఒప్పుకోండి.