నా నవలలో పాత పేరు వాడాలా? ట్రాన్స్ పాఠకులు కాస్త చెప్పగలరా?

నమస్తే. కాలేజీ రోజుల ప్రేమ, స్నేహం మీద ఒక నవల రాస్తున్నాను. అమ్మాయిగా పెరిగి, 19వ ఏట అబ్బాయిగా బతకడం మొదలుపెట్టిన ఒకతని కథ. చెప్పేది అతన్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన స్నేహితురాలు.

నా చిక్కంతా చిన్ననాటి అధ్యాయాల దగ్గరే. అప్పటి సంగతులు చెప్పేటప్పుడు ఆమె అతన్ని పాత పేరుతో పిలవాలా, మొదటి పేజీ నుంచే కొత్త పేరు వాడాలా? పాత పేరు ఒక్కసారి కనబడినా చాలామందికి బాధ కలుగుతుందంటారు. అసలు అది రాయకుండానే కథ నడపడం మేలేమో అనిపిస్తోంది.

ఇంకొకటి. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తీసుకోవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు గొంతు మారడం మొదలై, కుదురుకోవడానికి 1-2 ఏళ్లు పడుతుందని చదివాను. ఒక సీన్‌లో అతను తను ప్రేమించిన అమ్మాయికి కొత్త నంబర్ నుంచి ఫోన్ చేస్తాడు. 'హలో' సగంలోనే గొంతు జీరపోతుంది. ఆమె గుర్తుపట్టక 'ఎవరండీ?' అంటుంది. ఆ క్షణంలో అతనికి కలిగేది సంతోషమా, బెరుకా? ఆపరేషన్ ప్రస్తావన మాత్రం కావాలనే పెట్టలేదు, అందరూ చేయించుకోరు కదా.

అనుభవం ఉన్నవాళ్లు, వాళ్ల స్నేహితులు దయచేసి చెప్పండి. ఎవరైనా చదివి తప్పులు చూపిస్తానంటే ఆ అధ్యాయాలు పంపిస్తాను.