అప్‌డేట్: వాక్యూమ్ క్లీనర్‌కి సాగే హోస్ కొనాలా, సాగనిదా?

కార్పెట్ శుభ్రం చేస్తుంటే సాగే హోస్ ముడుచుకుపోతోంది, మార్చాలా అని ఇక్కడ అడిగాను. సాగని రకం వేశాక ఆ బాధ పోయింది. చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

నాజిల్ కార్పెట్‌కి అతుక్కోగానే హోస్ లోపల పీడనం పడిపోతుంది. అప్పుడు సాగే హోస్ స్ప్రింగులా దగ్గరికొచ్చి చేతినీ మెషీన్‌నీ లాగేస్తుంది. దాని ముడతలు లోతు కాబట్టి గాలికి రాపిడి కూడా ఎక్కువే. మెట్లకీ, కారు లోపలికీ మాత్రం సాగేదే నయం.

కొత్త హోస్ మన మెషీన్‌కి బిగుస్తుందా లేదా అన్నది మోటార్ వాట్లు చూస్తే తెలియదు. అసలు చూడాల్సింది కఫ్ (హోస్ చివర బిగించే గట్టి భాగం) కొలత. 32, 35 మి.మీ. కంటికి ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకదాని బదులు ఇంకొకటి బిగవదు. లోపలి, బయటి వ్యాసాలు రెండూ కాలిపర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి.