‘నిరోధం’ కాకపోతే మరేమందాం?

తార్నాకలో మేం కొందరం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, తలో పాత్ర పట్టుకుని కథ నడిపే ఆట) ఆడతాం, అదీ తెలుగులోనే. మొన్న రెసిస్టెన్స్‌కి మాలో ఒకరు ‘నిరోధం’ అన్నారు. ఒకటే నవ్వు. ఎందుకో ‘నిరోధ్’ కండోమ్ ప్రకటనలు చూసిన దూరదర్శన్ కాలం వాళ్లకి చెప్పక్కర్లేదు. నవ్వు సంగతి పక్కన పెడితే అసలు చిక్కు వేరే ఉంది. మనం రోగనిరోధక శక్తి అనేది ఇమ్యూనిటీని. ఆటలో ఈ రెండూ వేర్వేరు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో రెసిస్టెన్స్ ఉంటే దెబ్బ సగం, ఇమ్యూనిటీ ఉంటే సున్నా, వల్నరబిలిటీ ఉంటే రెట్టింపు. సగానికీ సున్నాకీ ఒకే మాట ఎలా కుదురుతుంది?

దెబ్బల రకాలకైతే మాటలకు కొదవ లేదు. స్లాషింగ్‌కి వేటు, పియర్సింగ్‌కి పోటు. పేపర్లో నేరవార్తలు చదివేవాళ్లకి గొడ్డలివేటుకీ కత్తిపోటుకీ తేడా చెప్పాలా! బ్లడ్జనింగ్‌కి, అంటే గద లాంటి మొద్దు ఆయుధంతో కొట్టేదానికి, ‘దెబ్బ’ పెడదామంటే అది అన్నిటికీ ఉమ్మడి పేరైపోయింది. ‘బండరాయితో మోది’ అని రాస్తారుగా, అందుకని ‘మోదుడు’ అనుకున్నాం. మీరేమంటారు?

జవాబు: పోటు నేనొప్పుకోను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం. రోకలి గుచ్చుకుంటుందా అండీ?

— మంచి పట్టే పట్టారు. రోకలి నిలువుగా ఎత్తి కొస దిగేలా వేస్తే పోటు, అదే రోకలి తిప్పి నెత్తిన వేస్తే మోదినట్టు. కానీ ఆట రూల్ చూసేది గాయాన్ని, కాబట్టి రోకలి ఎలా వేసినా మోదుడు కిందే రాయాలి. వల్నరబిలిటీకి మాత్రం ఆ సామెత భలే అతుకుతుంది. ఎముకలగూడు మీద గద పడితే నిజంగానే రెట్టింపు.

జవాబు: అన్నా, ఇమ్యూనిటీకి ‘అంటదు’ అను, అయిపాయె. ‘దానికి నిప్పు అంటదు.’ రెసిస్టెన్స్ అయితే ‘సగమే తాకుతది’. సంస్కృతం ఎందుకు మధ్యల?

జవాబు: ‘సగం’ ఐదో ఎడిషన్‌కే చెల్లుతుంది. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌లో ఇంత అని తీసేయడమే. పుట్టుకతో తోడేలుమనిషి అయినవాడికి డీఆర్ (డ్యామేజ్ రిడక్షన్) 10/సిల్వర్. అంటే ప్రతి దెబ్బలో 10 పోతుంది, వెండి ఆయుధమైతే పోదు. 8 తగిలితే వాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు, 40 తగిలితే 30 పడుతుంది. సగం చేసే రూల్‌లో అవి 4, 20. చిన్న కత్తులతో తిరిగేవాడికి పాత పద్ధతి నరకం. వడ్లు తూకం వేసేచోట బస్తాకి ఇంత అని కోస్తారే, ‘తరుగు’, ఆ మాట పెట్టుకోండి. ‘పది తరుగు, వెండికి తరుగు లేదు.’

— ‘తరుగు’ వెంటనే తీసుకున్నాం, ‘అంటదు’ కూడా. ఐదో ఎడిషన్‌లోనూ అక్కడక్కడ తరుగు ఉంది. ముందు అది తీసి, ఆ తర్వాత సగం చేయాలి. 23లో 4 తరుగు పోతే 19, సగం 9, చిల్లర వదిలేస్తాం. ముందే సగం చేస్తే 11, తరుగు పోగా 7. ఈ రెండు పాయింట్ల గొడవలో మా చాయ్ చల్లారిపోయింది.

జవాబు: రెండు వైపుల నుంచి రెసిస్టెన్స్ వస్తే సగంలో సగం, పావే కదండీ?

— కాదండీ. ఒకే రకం దెబ్బకి ఎన్ని ఉన్నా ఒక్కటే లెక్క. పావు వచ్చే దారి ఇంకోటుంది. ఫైర్‌బాల్ మంత్రం 30 పడింది, సేవింగ్ త్రో (తప్పించుకోడానికి వేసే పాచిక) గెలిచారు, సగమై 15. నిప్పుకి రెసిస్టెన్స్ కూడా ఉంది, 7. అలాగే మండే కత్తి తగిలితే వేటు వేరు, నిప్పు వేరు. వేటుకి రెసిస్టెన్స్ ఉన్నా నిప్పు పూర్తిగా పడుతుంది.

జవాబు: మరి లైట్నింగ్, థండర్? పిడుగు పడితే రెండూ ఒక్కసారే గద అన్నా.

— రూల్ రెండిటినీ విడదీసింది కాబట్టి పిడుగు, ఉరుము అని రాసుకున్నాం. 13 రకాల దెబ్బల్లో ‘ఫోర్స్’ (ఉట్టి మంత్రశక్తి దెబ్బ) ఒక్కటీ లొంగట్లేదు. ‘బలం’ అందామంటే అది పాత్ర కండబలాన్ని కొలిచే స్ట్రెంగ్త్‌కి ఎప్పుడో ఇచ్చేశాం. ఎవరి దగ్గరైనా మాట ఉంటే పడేయండి.