అప్‌డేట్: కారు ఇంజిన్‌లో టక్ టక్ చప్పుడుకి కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేటప్పుడు, అదీ ఇంజిన్ వేడెక్కాకే, లోపల టక్ టక్‌మంటోందని. ఎక్కువమంది పెట్రోల్ కల్తీ అన్నారు. నేనూ నమ్మి రెండు బంకులు మార్చాను. దండగ.

అమలాపురంలో ఓ పాత మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. పైన హెడ్‌లో ఏం లేదు, కింద చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) వైపే గట్టిగా ఉందట. ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఒక్కో సిలిండర్ కాయిల్ కనెక్టర్ పీకుతూ వచ్చాడు; అది పీకితే స్పార్క్ ఆగి ఆ సిలిండర్ పనిచేయదు. మూడోది పీకగానే చప్పుడు సగానికి సగం పడిపోయింది.

"పెట్రోల్ కాదండీ, కాన్‌రాడ్ బేరింగు. ఆయిల్ ఎప్పుడు మార్చారేంటి?"

కాన్‌రాడ్ అంటే పిస్టన్‌ని కింద క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ. ఆయిల్ మాటకి నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను.

డిప్‌స్టిక్ తీస్తే కింది గీతకి కూడా ఆయిల్ అంటలేదు. చాంబర్ విప్పితే అడుగున తారులాంటి మడ్డి, స్ట్రైనర్ జల్లెడ సగం మూసుకుపోయింది. మూడో బేరింగు మీద బూడిదరంగు పొర అరిగి రాగి బయటపడింది, గోటికి ఆ అంచు తగులుతోంది. ఆ బేరింగు లోపల తిరిగే క్రాంక్ పిన్ మాత్రం మైక్రోమీటరుతో కొలిస్తే సరిగ్గానే ఉంది కాబట్టి గ్రైండింగు ఖర్చు తప్పింది.

నాలుగింటికీ బేరింగులు, బోల్టులు, ఆయిల్ పంపు కొత్తవి వేశాం. ప్రెషర్ గేజి పెట్టి చూసి, "ఆయ్, ఇంక ఎళ్ళండి. 1000 కిలోమీటర్లకి ఆయిల్ మళ్ళీ మార్చాలి" అన్నాడు.

నిన్న రావులపాలెంలో రెండు అరటిగెలలు డిక్కీలో వేసుకుని, ఏసీ పెట్టి మరీ వంతెన ఎక్కాను. గెలలు దొర్లిన చప్పుడే!