హెవీవెయిట్ బాక్సింగ్‌లో దగ్గరి పోరు కనుమరుగు: తప్పు రిఫరీలదా, పెరిగిన శరీరాలదా?

ఎడమచేతివాటం:
ఇద్దరు హెవీవెయిట్లు భుజాలు తగిలేంత దగ్గరికి వస్తే ఇప్పుడు జరిగేది ఒక్కటే. చేతులు పెనవేసుకుంటారు, రిఫరీ వచ్చి విడదీస్తాడు, మళ్లీ దూరం నుంచి జాబ్‌లు (ముందు చేత్తో నేరుగా కొట్టే దెబ్బలు) మొదలవుతాయి. నుదురు ప్రత్యర్థి ఛాతీకి ఆనించి, మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టి, జానెడు దూరం నుంచే హుక్ (పక్క నుంచి వంపుగా), అప్పర్‌కట్ (కింది నుంచి పైకి) కొట్టే విద్య ఈ విభాగంలో దాదాపు కనుమరుగైంది. బాక్సర్ల ఎత్తు, బరువు పెరగడమే కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పట్టుకోవడం నిబంధనల ప్రకారం ఫౌల్. దాన్ని ఫౌల్‌గా చూడటం రిఫరీలు మానేశారు కాబట్టే ఈ విద్యకు విలువ పోయింది.

రుజువుకు ఒకే జంటను తీసుకోండి. 1974 జనవరిలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ రెండోసారి తలపడ్డారు. ఫ్రేజియర్ లోపలికి దూరినప్పుడల్లా అలీ అతని మెడ వెనక చేయి వేసి, కిందికి వంచి పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు శిక్ష పడలేదు. 12 రౌండ్ల తర్వాత గెలుపు అలీదే. ఫ్రేజియర్ శిక్షకుడు ఎడ్డీ ఫచ్ దాన్ని మరిచిపోలేదు. 1975 అక్టోబర్ 1న మనీలాలో జరిగిన మూడో పోరుకు రిఫరీ ఎవరన్నదానిపైనే పట్టుబట్టాడు. చివరికి ఫిలిప్పీన్స్‌కు చెందిన కార్లోస్ పడీలా వచ్చాడు. అలీ మెడ పట్టుకోబోతే చేయి తీయించాడు, హెచ్చరించాడు. ఆ మధ్య రౌండ్లలో ఫ్రేజియర్ అలీని తాళ్లకు ఆనించి పొట్టలో, పక్కటెముకల మీద ఎంతగా కొట్టాడో ఆ పోరు చూసినవారికి తెలుసు. బరిలో ఉన్న ఇద్దరూ పాతవాళ్లే, మారింది రిఫరీ.

కృష్ణాతీరం:
మనీలాలో కూడా గెలిచింది అలీయే కదండీ. 14వ రౌండ్ తర్వాత పోరు ఆపించింది ఫచ్ స్వయంగా. ఫ్రేజియర్ గురించే మాట్లాడదామంటే 1973 జనవరి 22, కింగ్‌స్టన్ కూడా చూడాలి. అక్కడ ఫ్రేజియర్‌తో తలపడిన జార్జ్ ఫోర్‌మన్ క్లించ్ (పట్టుకోవడం) మీద ఆధారపడలేదు. రెండు చేతులతో దూరంగా నెట్టి, మళ్లీ మీదికొస్తున్నవాణ్ని అప్పర్‌కట్లతో కొట్టాడు. రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. పొడవూ బలమూ ఉన్నవాడి ముందు ఆ శైలి నిలవదని 50 ఏళ్ల కిందటే తేలింది.

మరో విషయం. దగ్గరి పోరు పొట్టివాళ్ల ఆయుధం. ఆ పొట్టివాళ్లు ఇప్పుడు హెవీవెయిట్‌లో లేరు. 1979 చివర్లో హెవీవెయిట్‌కు కింది విభాగంగా క్రూజర్‌వెయిట్ టైటిల్ వచ్చింది. 190 పౌండ్లుగా ఉన్న దాని పరిమితి 2003లో 200కు పెరిగింది. 2020లో ఒక సంస్థ 224 పౌండ్లకు ఇంకో విభాగం కూడా పెట్టింది. ఓటమి లేకుండా రిటైరైన రాకీ మార్సియానో 190 పౌండ్ల లోపు మనిషి. ఈ రోజుల్లో అయితే ఏ శిక్షకుడూ అతన్ని హెవీవెయిట్‌లో దింపడు. 1971లో అలీని పడగొట్టిన నాటి ఫ్రేజియర్ 205 పౌండ్లే, అతనూ కాస్త బరువు తగ్గి క్రూజర్‌వెయిట్‌కే వెళ్లేవాడు. విద్య చావలేదు, కింది విభాగానికి దిగింది.

ఇందూరు:
నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పటి నుంచి నేను బాక్సింగ్ చూస్తున్నాను. ప్రొఫెషనల్ పోరాటాలు ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక సందేహం. ఇద్దరూ అతుక్కుపోయినప్పుడు తప్పు ఎవరిదో రిఫరీ ఎలా తేల్చాలి? నాకైతే ఇద్దరూ పట్టుకున్నట్టే కనిపిస్తారు.

ఎడమచేతివాటం:
ఇందూరు గారూ, చేతులు చూడండి. ఎవరి చేతులు లోపల ఉన్నాయి, ఎవరివి బయట ఉన్నాయి? లోపలి చేతులవాడికి కొట్టే వీలుంది. బయటి చేతులవాడు వాటిని చుట్టి చంకల కింద బిగిస్తే పట్టుకున్నది అతనే. తర్వాత తల చూడండి. తెలిసినవాడు తల ప్రత్యర్థి గడ్డం కిందికి చేర్చి, అతని మొహం పైకి లేచేలా చేస్తాడు. అప్పుడు ఎదుటివాడికి తన పొట్ట మీదికి వస్తున్న దెబ్బే కనిపించదు. ఒక చేయి చిక్కుకుపోతే ఖాళీగా ఉన్న చేత్తో పక్కటెముకల మీద కొడుతూనే ఉంటాడు. అక్కడి నుంచి భుజంతో చిన్న తోపు తోసి, అర అడుగు పక్కకు జరిగితే హుక్‌కు చోటు దొరుకుతుంది. ఇదంతా సెకన్లలో జరిగిపోతుంది. ఇంత పని చేస్తున్నవాణ్ని కూడా రిఫరీ చూసీచూడగానే విడదీస్తే, లోపలికి రావడానికి అతను తిన్న దెబ్బలన్నీ వృథా. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇక కృష్ణాతీరం గారూ, శరీరాల సంగతికి వద్దాం. 2013 అక్టోబర్ 5, మాస్కో. 6 అడుగుల 6 అంగుళాల వ్లదిమీర్ క్లిచ్కో, 6 అడుగుల 2 అంగుళాల అలెగ్జాండర్ పొవెత్కిన్. జాబ్, దాని వెంటే పట్టు, మీద వాలి మెడ వంచడం. రాత్రంతా ఇదే వరస. క్లిచ్కోకు పాయింట్ కోత పడింది 11వ రౌండ్లో, అదీ ఒక్కటే. ముగ్గురు న్యాయనిర్ణేతలూ 119-104తో అతన్నే గెలిపించారు, అంటే ఆ కోత ఎవరికీ ఏమీ నేర్పలేదు. అదే కోత మూడో రౌండ్లో పడి ఉంటే క్లిచ్కో వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చేది. పొడవు అతని బలం, కాదనను. కానీ లోపలికి వచ్చినవాణ్ని ఆపింది పొడవు కాదు, ఫౌల్.

పాతగ్లవ్స్:
మీరిద్దరూ అమెచ్యూర్ బాక్సింగ్‌ను వదిలేశారు. 1992 నుంచి 2012 వరకు ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ నడిచింది. మొదట్లో ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు ఒక సెకను లోపు బటన్ నొక్కితేనే ఆ దెబ్బకు పాయింట్. ఇద్దరి శరీరాల మధ్య కొట్టిన పొట్ట దెబ్బ ముగ్గురికి ఎక్కడ కనిపిస్తుంది? శిక్షకులు దూరం నుంచి తాకి తప్పుకోవడమే నేర్పారు. క్లిచ్కో (1996), పొవెత్కిన్ (2004), ఆంథొనీ జాషువా (2012) ముగ్గురూ ఆ కాలంలో స్వర్ణం గెలిచినవారే. లోపలి పోరు నేర్పే శిక్షకుడే లేనప్పుడు రిఫరీ ఎంత కఠినంగా ఉంటే ఏం లాభం?

కృష్ణాతీరం:
పాతగ్లవ్స్ గారి మాటలో బలముంది. అయినా హెవీవెయిట్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్‌దీ 2012 స్వర్ణమే. అతను ప్రత్యర్థి పొట్టను ఎప్పుడూ వదల్లేదు.

నా అసలు అభ్యంతరం ఊపిరి గురించి. 2020 ఫిబ్రవరిలో డియాంటే వైల్డర్‌తో తలపడినప్పుడు హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ బరువు 273 పౌండ్లు. అంత శరీరంతో దగ్గర నిలబడి ప్రతి రౌండూ మూడు నిమిషాలు కొట్టడం సాధ్యమా? పట్టుకోవడం వాళ్లకు ఎత్తుగడే కాదు, విశ్రాంతి కూడా. దాన్ని పూర్తిగా తీసేస్తే ఆరో రౌండ్‌కు ఇద్దరూ నిలబడలేరు.

2019 జూన్‌లో ఆండీ రూయిజ్ ఆంథొనీ జాషువాను ఓడించాడు కదా అని మీరు అంటారు. నిజమే. మూడో రౌండ్లో తాను పడి లేచి, ముగించడానికి మీదికొచ్చిన జాషువాను దగ్గరి ఎడమ హుక్‌తో పడగొట్టాడు. మరి ఆ డిసెంబర్‌లో ఏమైంది? జాషువా దూరం పాటించాడు, జాబ్ కొట్టాడు, తిరిగాడు. 283 పౌండ్ల రూయిజ్ అతన్ని అందుకోలేకపోయాడు. అక్కడ రిఫరీ తప్పేమీ లేదు.

ఎడమచేతివాటం:
రూయిజ్ ఆ రాత్రి కాళ్ల వల్ల ఓడాడు. సిద్ధపడకుండా వచ్చినవాణ్ని చూపించి విద్యను తప్పుపట్టకండి.

పొడవున్నవాడు, బరువున్నవాడు లోపల పోరాడలేడన్న మాటకు నా జవాబు రిడిక్ బో. 6 అడుగుల 5 అంగుళాలు, 235 పౌండ్లు. 1992 నవంబర్ 13న 205 పౌండ్ల ఇవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లు ఆడాడు. దూరం నుంచి జాబ్‌తో సరిపెట్టుకోగలిగేవాడే, అయినా దగ్గర నిలబడి అప్పర్‌కట్లు కొట్టాడు. అతని శిక్షకుడు ఎవరు? ఫ్రేజియర్ మూలన నిలబడిన ఆ ఎడ్డీ ఫచ్. పాతగ్లవ్స్ గారు గమనించాలి, బో ఒలింపిక్ రజతం 1988 నాటిది, కంప్యూటర్ బటన్లకు ముందుది. నేర్పేవాడుంటే పెద్ద శరీరానికీ ఈ విద్య వస్తుంది. దాన్ని వాడుకోనిచ్చే రిఫరీ ఉంటే నేర్పేవాడూ పుడతాడు. అందుకే మొదట మారాల్సింది రిఫరీ అంటాను. ఒక హెచ్చరిక, రెండోసారికి పాయింట్ కోత, అదీ మొదటి నాలుగు రౌండ్లలోనే. బో, హోలీఫీల్డ్‌ల ఆ పోరులో 10వ రౌండ్ చూసి మీ మాట చెప్పండి.

కృష్ణాతీరం:
ఇప్పుడే మళ్లీ చూశాను. అంతకంటే గొప్ప రౌండ్ హెవీవెయిట్‌లో నాకు తెలియదు. తూలిపోయిన హోలీఫీల్డ్ అదే రౌండ్లో తిరగబడటం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పాయింట్ కోత విషయంలో మీతో ఉన్నాను, ఒక్క హెచ్చరికే చాలు. కానీ ఏడాది తిరక్కుండానే, 1993 నవంబర్ 6న, అదే బో 246 పౌండ్లతో వచ్చి అదే హోలీఫీల్డ్ చేతిలో ఓడాడు. 273 పౌండ్ల మనిషి ఊపిరి ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.