వించ్ తాడు బిగిశాక మనుషులు ఎక్కడ ఉండాలి? దుప్పటి వేస్తే సరిపోతుందా?

నాలుగోచక్రం:
అందరికీ నమస్కారం. సామాను, మనుషులతో కలిపి బండి బరువు 2,400 కేజీలు. ముందు బంపర్‌లో 9,500 పౌండ్ల ఎలక్ట్రిక్ వించ్ (డ్రమ్‌కు తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) ఉంది, అంటే సుమారు 4,300 కేజీల లాగుడు. 9.5 మి.మీ. స్టీల్ తాడు 25 మీటర్లు, రోలర్ ఫెయిర్‌లీడ్ (తాడు డ్రమ్‌లోకి వెళ్లే చోట రోలర్లున్న దారి). ఒక ట్రీ స్ట్రాప్ (చెట్టుకు చుట్టే వెడల్పాటి పట్టీ), 19 మి.మీ. బో షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనుప కొండ్లు) రెండు, ఒక స్నాచ్ బ్లాక్ (తాడును తిప్పి పంపే కప్పీ) కూడా ఉన్నాయి. బండి దిగబడితే చెట్టుకు కట్టి లాగడం వరకు తెలుసు. తాడు తెగినప్పుడు ఏమవుతుందన్నదే భయం. తాడు మీద దుప్పటి వేస్తే చాలా? సింథటిక్ (ప్లాస్టిక్ పోగుల) తాడుకు మారితే ఈ గొడవ ఉండదా? స్నాచ్ బ్లాక్ వేసి రెండు వరసలు చేస్తే తాడు మీద భారం సగమవుతుంది కదా, ఎప్పుడూ అలాగే లాగడం మంచిదా? పక్కనున్నవాళ్లు ఎంత దూరంలో ఉండాలి?

ఇరుసు:
తాడు సంగతి తర్వాత, ముందు భారం లెక్క చూడండి. మిలిటరీ రికవరీలో (దిగబడ్డ బండ్లను బయటికి తీయడంలో) వాడే మోటు లెక్క ఒకటుంది. చక్రాల లోతు వరకు బురదలో కూరుకుపోతే లాగడానికి దాదాపు బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే దానికి రెట్టింపు. మీ బండికి అది 4,800 కేజీలు, మీ వించ్ గరిష్ఠం కన్నా ఎక్కువ. వాలులో ఉంటే ఇంకొంత కలుస్తుంది: 15 డిగ్రీల ఎక్కుడుకు బండి బరువులో పావు వంతు, 30 డిగ్రీలకు సగం.

పైగా వించ్ మీద రాసిన 4,300 డ్రమ్ మీద మొదటి పొరకే వర్తిస్తుంది. ఒక్కో పొర పెరిగేకొద్దీ లాగే బలం పదో వంతుకు పైగా పడిపోతుంది. నాలుగో పొర మీద మిగిలేది మూడింట రెండు వంతులే. చెట్టు 6 మీటర్లలోనే ఉంటే తాడంతా డ్రమ్ మీదే ఉంటుంది కాబట్టి వించ్ 3,000 కేజీల దగ్గరే ఆయాసపడుతుంది. దూరపు చెట్టు దొరికితే బలం పెరుగుతుంది, కానీ తాడు పొడవు పెరిగేకొద్దీ అందులో దాగే శక్తీ, ప్రమాదపు పరిధీ పెరుగుతాయి. ఎంత విప్పినా డ్రమ్ మీద స్టీల్ తాడైతే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 8 నుంచి 10 చుట్లు మిగలాలి. తాడు చివర బిగించిన చిన్న స్క్రూ భారం మోయదు. భారం మోసేది ఆ చుట్ల రాపిడే.

అందుకే మొదటి పనిముట్టు పార. చక్రాల ముందు మట్టి, ఇరుసు కింద గట్టిపడిన బురద తీసేస్తే కావలసిన లాగుడు సగానికి తగ్గడం మామూలే. అరగంట తవ్వడానికి బద్ధకించి తాడును చివరంటా బిగించడం దగ్గరే ప్రమాదాలు మొదలవుతాయి.

బిగువు:
మనుషుల సంగతి నేను చెబుతాను. చుట్టూ చూసేవాళ్లు బయటికి లాగిన తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. 20 మీటర్లు బయట ఉంటే 30 మీటర్లు. అంత దూరమూ పక్కలకే, తాడు సాగే దిశలో ముందూ వెనకా కాదు. వించ్ నడిపేవారికి బండి లోపల డ్రైవర్ సీటే మంచి చోటు, రిమోట్ వైరు కిటికీలోంచి లోపలికి. ఆ వైరు ఫెయిర్‌లీడ్ ముందు వేలాడకుండా చూసుకోండి, తాడుతో పాటు డ్రమ్‌లోకి పోతుంది. స్టీల్ తాడు వాడేటప్పుడు బానెట్ ఎత్తితే అద్దానికి అడ్డుంటుంది, కానీ ముందు ఏమీ కనబడదు. అప్పుడు పక్కన దూరంగా సైగలు చేసే మనిషి తప్పనిసరి.

బిగిసిన తాడు మీంచి దాటొద్దు, కింద నుంచి దూరొద్దు, చేత్తో తాకి చూడొద్దు. అటు వెళ్లాల్సి వస్తే వించ్ ఆపి, తాడు వదులు చేయించి, అప్పుడు వెళ్లండి.

తెగేది ఎప్పుడూ తాడే అనుకోకండి. కొక్కెం తెరుచుకోవడం, రేటింగ్ (ఎంత భారం మోస్తుందన్న ముద్ర) లేని షాకిల్ విరగడం, బంపర్ బోల్టులు ఊడిరావడం కూడా అంతే ప్రమాదం. 9.5 మి.మీ. స్టీల్ తాడు మీటరుకు దాదాపు మూడో వంతు కేజీకి పైగా ఉంటుంది. 20 మీటర్లంటే 7 కేజీల ఇనుము, చివర కొక్కెం, షాకిల్ కలిపి అదంతా ఎగిరి వస్తుంది. టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు) ఎప్పుడూ తగిలించకండి. దాని మెడ విరిగితే అది ఫిరంగి గుండే, మనుషులు చనిపోయారు. బండిని లారీ మీద రవాణా చేసేటప్పుడు కట్టడానికి ఫ్యాక్టరీ ఇచ్చే పలచటి రింగులు కూడా రికవరీకి పనికిరావు. చాసిస్‌కు బోల్టులతో బిగించిన, రేటింగ్ ముద్రించిన పాయింట్లే వాడండి.

ఇక దుప్పటి. వేయండి, కానీ పలచటి దుప్పటి గాలికి ఊగుతుంది తప్ప తాడును కిందికి దించదు. బరువుండాలి: తడిపిన కంబళి, లేదా అరల్లో ఇసుక నింపిన డ్యాంపర్. బయటికి తీసిన తాడుకు మధ్యలో వేయాలి, తాడు పొడుగ్గా ఉంటే రెండు. బండి కదిలేకొద్దీ డ్యాంపర్ ఫెయిర్‌లీడ్ వైపు వస్తుంది. దాన్ని వెనక్కి జరపాలంటే మళ్లీ వదులు చేయాల్సిందే. కొక్కెం నోరు పైకి ఉండేలా తగిలించండి. అది విరిగితే ఆ వేగం నేల వైపుకు పోతుంది.

నాలుగోచక్రం:
చాలా ఉపయోగం. సింథటిక్ తాడు తెగితే అక్కడికక్కడే కింద పడిపోతుందని చదివాను. అప్పుడు డ్యాంపర్ అక్కర్లేదా? స్నాచ్ బ్లాక్ ప్రశ్న కూడా ఉండిపోయింది.

కప్పీ:
"కింద పడిపోతుంది" అన్నది సగం నిజం. అదే బలమున్న స్టీల్ తాడు బరువులో సింథటిక్ ఏడో వంతు మాత్రమే ఉంటుంది. కాబట్టి తాడు తెగితే దెబ్బ తక్కువ. కానీ తాడు గట్టిగా ఉండి రికవరీ పాయింట్ విరిగితే చివరనున్న ఇనుము తాడుతో పాటు ఎగురుతుంది. డ్యాంపర్ వేయాల్సిందే. ఇనుప షాకిల్ బదులు సాఫ్ట్ షాకిల్ (తాడుతో అల్లినది) వాడితే ఎగిరే ఇనుము చాలా వరకు తగ్గుతుంది. పదునైన అంచున్న బ్రాకెట్‌లో మాత్రం సాఫ్ట్ షాకిల్ పెట్టకండి, కోసుకుపోతుంది.

సింథటిక్‌కు శత్రువులు మూడు: వేడి, ఇసుక, గీతలు. ఈ పోగు దాదాపు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కానీ 70 దాటినప్పటి నుంచే బలం కోల్పోతుంది. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ లోపలే ఉంటుంది. భారంతో బండిని కిందికి దింపితే ఆ బ్రేకు వేడెక్కి అడుగు పొర తాడును వండేస్తుంది. స్టీల్ తాడు నడిచిన రోలర్ల మీద సన్నటి గాట్లుంటాయి, గోరుతో రాస్తే తగులుతాయి. వాటి మీద సింథటిక్ నడపొద్దు. నున్నటి అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ (రోలర్లు లేని, రంధ్రమున్న పలక) వేసుకోండి. కొత్త తాడు మొదటిసారి చుట్టేటప్పుడు చేత్తో వదులుగా చుట్టకండి. బండిని స్వల్ప వాలులో పెట్టి దాని బరువుతోనే బిగువుగా చుట్టించండి. లేదంటే భారం పడ్డప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్యకు దిగి ఇరుక్కుంటుంది.

స్నాచ్ బ్లాక్ గురించి ఒక పొరపాటు ఆలోచన అంతటా ఉంది. చెట్టు దగ్గర బ్లాక్ పెట్టి కొక్కేన్ని తిరిగి మీ బండికే తగిలించారనుకోండి. బండికి 4,000 కేజీలు కావాలంటే ఒక్కో వరసలో 2,000. తాడుకు, వించ్ మోటారుకు హాయి. కానీ చెట్టు, స్ట్రాప్, చెట్టు దగ్గరి షాకిల్ మోసేది మాత్రం అదే 4,000. అక్కడ ఏమీ తగ్గలేదు. ఇంతకుముందు వించ్ 4,300 దగ్గర ఆగిపోయేది, అదే మీకు తెలియకుండా రక్షణగా ఉండేది. ఇప్పుడు అదే వించ్ 8,600 దాకా లాగగలదు. మీ 19 మి.మీ. షాకిల్ మీద పని భారం (వాడకంలో మించకూడని భారం) 4.75 టన్నులని రాసి ఉంటుంది. గొలుసులో బలహీనమైన చోటు తాడు నుంచి షాకిల్‌కు మారింది. బండి ఏమాత్రం కదలకుండా మోటారు మూలుగుతుంటే ఆపేసి తవ్వాలి, బటన్ నొక్కుతూ కూర్చోకూడదు. రెండు వరసలు తప్పదనుకున్న చోట చెట్టు దగ్గరికి 25 మి.మీ. షాకిల్ తీసుకోండి, దాని పని భారం 8.5 టన్నులు. ట్రీ స్ట్రాప్ రేటింగ్ కూడా అంతకు తగ్గకుండా చూడండి.

ఇంకొకటి. బ్లాక్ ఉన్నప్పుడు తాడు "వి" ఆకారంలో ఉంటుంది. ఆ వి లోపలి భాగంలో మనిషి అన్నవాడు ఉండకూడదు. బ్లాక్ ఊడితే తాడు ఆ మధ్యకే దూసుకొస్తుంది.

ఇరుసు:
పై మాటకు చిన్న చేర్పు. బ్లాక్‌ను దిశ మళ్లించడానికి వాడితే మూల దగ్గరి చెట్టు మీద భారం కోణాన్ని బట్టి మారుతుంది: రెండు వరసల మధ్య కోణం 120 డిగ్రీలైతే తాడు భారమంత, 90 అయితే 1.4 రెట్లు, 60 అయితే 1.7 రెట్లు. కోణం సన్నబడేకొద్దీ చెట్టుకు కష్టం.

స్టీరింగ్:
లాగే వరుస కూడా చెప్పుకుందాం, తప్పులు ఎక్కువ అక్కడే.

ట్రీ స్ట్రాప్ చెట్టుకు ఎంత కిందుగా వీలైతే అంత కిందుగా చుట్టండి. తాడును చెట్టుకు చుట్టి దాని కొక్కేన్ని దానికే తగిలించడం అస్సలు వద్దు, తాడు మెలికపడి అక్కడే నలుగుతుంది. స్ట్రాప్ రెండు కొసలనూ షాకిల్‌లోకి తీసుకుని పిన్ను చేత్తో పూర్తిగా బిగించండి. సాగే స్నాచ్ స్ట్రాప్‌ను వించ్ తాడుకు కలిపి పొడవు పెంచకండి. అది 20 శాతం దాకా సాగి రబ్బరులా శక్తి దాచుకుంటుంది. పొడవు కావాలంటే సాగని ఎక్స్‌టెన్షన్ వాడాలి.

ఇంజిన్ నడుస్తూ ఉండాలి, పూర్తి భారంలో వించ్ 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. ముందు తాడు సడలింపు పోయేదాకా మాత్రమే లాగి ఆపండి. కొక్కెం నాలుక మూసుకుందా, షాకిల్ వంకరగా కూర్చుందా, డ్రమ్ మీద చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయా, ఆ నిమిషంలో చూసుకోండి. తర్వాత అందరూ దూరం జరగాలి. ఆజ్ఞ ఇచ్చేది ఒక్కరే. "ఆపు" అని మాత్రం ఎవరు అరిచినా ఆపాలి. భారంలో ఒక నిమిషం లాగి మోటారుకు విరామం ఇవ్వండి. భారంలో ఉండగా క్లచ్ లివర్ (డ్రమ్‌ను మోటారు నుంచి విడదీసే మీట) జోలికి వెళ్లకండి.

దిగబడిన బండి చక్రాలు తిప్పి సాయం చేయొచ్చు, కానీ తక్కువ గేరులో మెల్లగా. ఒక్కసారి పట్టు దొరికి బండి తాడు కన్నా ముందుకొస్తే తాడు వదులై నేల మీద పడుతుంది. మళ్లీ జారితే ఒక్క కుదుపుతో బిగుస్తుంది. తాడుకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆ కుదుపే.

నాలుగోచక్రం:
బండి పైకొచ్చాక తాడు విప్పేటప్పుడు జాగ్రత్తలేమైనా?

బిగువు:
ముందు బ్రేకు, చక్రాల వెనక రాళ్లు, ఆ తర్వాతే తాడు వదులు చేయాలి. బండి వాలులో ఉంటే అంతవరకు దాన్ని పట్టుకున్నది ఆ తాడే.

తిరిగి చుట్టేటప్పుడు తోలు గ్లవుజులు వేసుకుని, తాడును అరచేతుల్లోంచి జారనివ్వకుండా చేతులు మార్చుకుంటూ నడవండి. స్టీల్ తాడులో తెగిన ఒక్క పోగు పైకి లేచి ఉన్నా గ్లవుజును పట్టి చేతిని లోపలికి ఈడుస్తుంది. ఫెయిర్‌లీడ్‌కు మీటరున్నర దూరంలో ఆగండి. మిగతాది కొక్కేనికి కట్టిన చిన్న పట్టీని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బటన్ నొక్కుతూ వదులుతూ లోపలికి తేవాలి. కొక్కెం కంతలో వేలు పెట్టకండి. రిమోట్ ఇంకొకరి చేతిలో ఉంటే మీరు చెప్పందే నొక్కకూడదు.

చుట్టేటప్పుడే తాడంతా కంటి ముందు నుంచి వెళ్తుంది, అప్పుడే చూసుకోండి. సింథటిక్‌లో గాజులా మెరిసి గట్టిపడిన చోటుందంటే అక్కడ కరిగిందన్నమాట. 12 పోగుల్లో ఒకటి తెగినా ఆ ముక్క కోసేసి స్ప్లైస్ చేయించాలి (కొసలను ఒకదాన్లో ఒకటి అల్లి అతికించాలి), ముడి వేస్తే బలం సగం పోతుంది. స్టీల్‌లో తుప్పు, పక్షి గూడులా విచ్చుకున్న పోగులు, మెలికలు చూడండి. మెలికను సుత్తితో కొట్టి తిన్నగా చేస్తే పైకి బాగానే కనబడుతుంది, లోపలి పోగులు మాత్రం అప్పటికే దెబ్బతిని ఉంటాయి. ఆ తాడును మళ్లీ భారానికి కట్టకండి.