కారుతున్న రేడియేటర్ వాల్వ్: మనమే మార్చుకోవచ్చా, ప్లంబర్‌ని పిలవాలా?

స్లౌ శ్రీను:
యూకేలో సొంతిల్లు, కాంబీ బాయిలర్ (కుళాయి వేడినీళ్లకీ, గదులు వేడిచేసే రేడియేటర్లకీ ఒకటే బాయిలర్). హాల్లో రేడియేటర్ టీఆర్‌వీ (గది వేడిని బట్టి నీళ్లు తగ్గించి పెంచే వాల్వ్) కింద చుక్కచుక్కగా కారుతోంది. బాయిలర్ ప్రెషర్ రోజూ పడిపోతోంది, నేను నీళ్లు నింపుతూనే ఉన్నా. వీడియోల్లో చూస్తే వాల్వ్ మార్చడం అరగంట పనే. మా ఆవిడ ససేమిరా అంటోంది.

లీడ్స్ లక్ష్మి:
ఆవిడ మాట వినండి. లోపలి నీళ్లు నల్లటి బురదలా ఉంటాయి, కార్పెట్ మీద పడితే మరక వదలదు. అయినా గ్యాస్ సేఫ్ వాళ్లు (గ్యాస్ పనికి రిజిస్టరైన ఇంజినీర్లు) తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కదా?

కోవెంట్రీ కిట్టు:
అది గ్యాస్ పనికండీ. రేడియేటర్ వైపు నీళ్ల పనికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బాయిలర్ మూత మాత్రం విప్పొద్దు.

శ్రీను బ్రో, ముందు వాల్వ్ అంతా తుడిచి టిష్యూ చుట్టి చూడు. నట్టు దగ్గర తడి వస్తే వాల్వ్ బాడీని ఒక పానాతో గట్టిగా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు కొంచెం బిగించు. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. వాల్వ్ పైన తిప్పే తల తీశాక, లోపలి పిన్ను చుట్టూ కారుతుంటే సాధారణంగా వాల్వ్ మార్చడమే.

స్లౌ శ్రీను:
పిన్ను దగ్గరే అన్నా. రెండు వైపులా వాల్వ్‌లు కట్టేసి, ఆ ఒక్క రేడియేటర్ ఖాళీ చేస్తే సరిపోదా?

కోవెంట్రీ కిట్టు:
రేడియేటర్ మార్చడానికైతే సరిపోతుంది. నువ్వు విప్పేది ఆ వాల్వునే, దాని వెనక పైపు నిండా నీళ్లుంటాయి. బాయిలర్ ఆపి, చల్లారాక, కింది డ్రెయిన్ కాక్‌కి (నీళ్లు వదిలే కుళాయికి) గొట్టం తగిలించి నీళ్లని ఆ వాల్వ్ మట్టం కిందిదాకా దించాలి. పై అంతస్తు రేడియేటర్ల బ్లీడ్ వాల్వ్‌లు (గాలి తీసే చిన్న వాల్వ్‌లు) తెరిస్తేనే నీళ్లు సరిగ్గా దిగుతాయి. తర్వాత ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా చేసే మందు) పోసి, ప్రెషర్ 1 నుంచి 1.5 బార్‌కి వచ్చేలా నీళ్లు నింపి, గాలి తీసెయ్. ఇన్హిబిటర్ మానేస్తే లోపల తుప్పు.

బ్రిస్టల్ బాబు:
అద్దెకుండేవాళ్లు ఇదేదీ చెయ్యొద్దు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాలకి 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం హీటింగ్ రిపేర్ ఇంటి ఓనర్ బాధ్యత. ఈమెయిల్ పెట్టి ఊరుకోండి.

లీడ్స్ లక్ష్మి:
సరే, చట్టం సంగతి ఒప్పుకున్నా. పైపు ఎంత లావో ఎవరూ అడగలేదేం? మా ఇంట్లో మైక్రోబోర్ (సన్న పైపు), 10 మిల్లీమీటర్లు. కొంచెం మెలిపడితే నొక్కుకుపోతుంది.

కోవెంట్రీ కిట్టు:
మైక్రోబోర్ అయితే నేనూ ప్లంబర్‌కే ఓటేస్తా. 15 మిల్లీమీటర్లయితే కాదు.

స్లౌ శ్రీను:
కొలిచా, 10. మా ఆవిడ నవ్వుతోంది.

లీడ్స్ లక్ష్మి:
ఫోన్లోనే అడిగెయ్యండి: నీళ్లు దించడం, ఇన్హిబిటర్ ఆ రేటులోనేనా, విడిగానా అని. వచ్చేదాకా కింద గిన్నె పెట్టండి.